ఇనుప పనిముట్ల అరుగుదల, అలసట – పూతలతో రక్షణ



విత్తనము, ఎరువు, నీరు — ఈ మూడింటి విషయమున మనము చూపు శ్రద్ధలో నాల్గవ వంతైనను మన ఇనుప పనిముట్ల యెడ చూపుట లేదు. తొలకరి పడి నేల పదునెక్కిన తరువాత విత్తుటకు దొరకు రోజులు నాలుగైదు మాత్రమే. ఆ రోజులలో గొర్రు దంతము విరిగినను, కర్రు మొన అరిగిపోయినను, రోటవేటరు ఆకు ఊడినను నష్టమయ్యేది ఆ ఇనుప ముక్క ధర మాత్రమే కాదు. పదును పోవును, అదను తప్పును. ట్రాక్టరు ట్రాలీకి తగిలించిన పిన్ను నిండు బరువుతో దారిలో విరిగినచో నష్టము డబ్బుతో కూడ పోదు. ప్రాణముల మీదికి వచ్చును.

ఇనుము చెడు త్రోవలు ముఖ్యముగా మూడు. మట్టి రాపిడికి అరిగిపోవుట మొదటిది. పదే పదే పడు బరువుకు అలసి విరిగిపోవుట రెండవది. గాలికి, తేమకు తుప్పు పట్టుట మూడవది. ఈ మూడును ఒకదానికొకటి తోడగును. ఒకదానికి మందైనది మరొకదానికి విషము కావచ్చును. అందుచే ఏ భాగము ఏ త్రోవన చెడుచున్నదో తెలిసికొని తగిన ఉపాయము చేయవలెను. ఆ వివరములే ఈ వ్యాసములో చెప్పబడినవి.

మెత్తని ఉక్కు అనగా నేమి?

మనము వాడుకలో ఇనుము అని పిలుచు రేకులు, చువ్వలు, కోణపు కమ్ములు దాదాపు అన్నియు ఉక్కే. ఇనుములో కొద్దిగా కర్బనము, అనగా బొగ్గు సారము, కలిసినచో ఉక్కు అగును. నూరు పాళ్లలో పావు పాలు, అనగా 0.25 శాతము, లోపు కర్బనమున్న దానిని తక్కువ కర్బనపు ఉక్కు లేక మెత్తని ఉక్కు అందురు. అంగడిలో దీనినే మైల్డు స్టీలు అని అమ్ముదురు. 0.3 నుండి 0.6 శాతము వరకు ఉన్నది మధ్యరకము. అంతకు మించినది ఎక్కువ కర్బనపు ఉక్కు.

మెత్తని ఉక్కు చవుక. తేలికగా వంగును, సులభముగా అతుకును, దెబ్బకు పగులదు. అందుచే నాగళ్ల చట్రములు, ట్రాలీ దూలములు, గొర్రు చట్రములు, గేట్లు అన్నియు దీనితోనే చేయుదురు. దీని లోపమొక్కటే: ఎంత కాల్చి నీటిలో ముంచినను ఇది చెప్పుకోదగినంత గట్టిపడదు. గట్టిపడుటకు కావలసిన కర్బనము దీనిలో లేదు. కనుక మైల్డు స్టీలు ముక్కతో కర్రు చేయించి, దానికి కొలిమిలో పదును పెట్టించితిమని తృప్తి పడుట వృథా. లారీ కమాను కట్ట ముక్కలో కర్బనము 0.5, 0.6 శాతము వరకు ఉండును. అది పదునుకు లొంగును.

ఈ రహస్యము మన కమ్మరులకు పూర్వము నుండియు తెలిసినదే. తెలంగాణములో నిజామాబాదు జిల్లా కోనసముద్రము గ్రామమున ఇనుమును మూసలలో పెట్టి, కర్బనము పట్టించి మేలైన ఉక్కు చేసెడివారు. పారశీక వర్తకులు అచ్చటికి వచ్చి ఆ ఉక్కును కొనిపోయి కత్తులకు వాడుకొనిరి. ఆ పద్ధతిని చూచిన హెన్రీ వాయ్సీ అను వైద్యుడు వ్రాసిన వివరణ 1832 లో ప్రచురింపబడినది. మూసలో కర్బనము చేరుటయే ఆ ఉక్కు గొప్పతనమునకు మూలము.

మీ చేతిలోని ముక్క ఏ రకమో గుర్తించుటకు రెండు సులభ పరీక్షలు కలవు.

ఆకురాయి పరీక్ష: ముక్క అంచుపై మంచి ఆకురాయితో రుద్దవలెను. ఆకురాయి కరచి పొడి రాలినచో అది మెత్తనిది. ఆకురాయి గాజుపై వలె జారిపోయినచో పదును పట్టిన గట్టి ఉక్కు.

నిప్పురవ్వల పరీక్ష: సానరాతి చక్రమునకు ఆనించి రవ్వలు చూడవలెను. మెత్తని ఉక్కు నుండి పొడవైన తిన్నని గీతల వలె రవ్వలు వచ్చును, చిట్లుట తక్కువ. కర్బనము హెచ్చిన కొలది రవ్వలు పొట్టివై, కొనలయందు పువ్వుల వలె ఎక్కువగా చిట్లును. ఈ పరీక్ష చేయునపుడు కండ్లద్దములు తప్పక పెట్టుకొనవలెను.

మట్టి ఇనుమును ఎట్లు తినును?

ఇనుము కంటె మట్టి మెత్తనిదని తోచును గాని అది నిజము కాదు. మట్టిలోని ఇసుక రేణువులు చాలవరకు పలుగురాతి పొడియే. గట్టిదనమును కొలుచు వికర్సు కొలతలో మెత్తని ఉక్కు సుమారు 130 అయినచో, పదును పెట్టిన మంచి ఉక్కు 450 నుండి 550 వరకు ఉండును. పలుగురాయి సుమారు 1000 ఉండును. అనగా ప్రతి ఇసుక రేణువును మెత్తని ఉక్కుపై నడచు ఉలి వంటిది. అది సన్నని గాడి కోయుచు పోవును. అట్టి కోట్ల గాళ్ల మొత్తమే మనము చూచు అరుగుదల.

అరుగుదల లెక్క మోటుగా ఇట్లు చెప్పవచ్చును: నొక్కుడు బరువు పెరిగిన కొలది, నడచిన దూరము పెరిగిన కొలది అరుగుదల పెరుగును, లోహపు గట్టిదనము పెరిగిన కొలది తగ్గును. ఈ సంబంధమును ఆర్చర్డు అను శాస్త్రజ్ఞుడు 1953 లో సూత్రముగా చెప్పెను. దీని నుండి రైతు నేర్వదగినవి నాలుగు:

1. ఇసుక పాలెక్కువైన చల్క, దుబ్బ నేలలలో కర్రు త్వరగా అరుగును. నల్లరేగడిలో అరుగుట తక్కువ. అయితే నేల ఎండి బిగిసినపుడు నొక్కుడు పెరుగుట వలన అచ్చట కూడ అరుగుదల హెచ్చును. తగిన పదునులో దున్నుట పైరుకే కాదు, కర్రుకును మేలు.

2. ట్రాక్టరు చక్రములు త్రొక్కిన జాడలో నడచు దంతములు మిగిలినవాటి కంటె ముందు అరుగును. అప్పుడప్పుడు దంతముల మొనలను ఒక చోటి నుండి మరొక చోటికి మార్చినచో అన్నియు సమముగా అరుగును.

3. మొన మొద్దుబారిన కర్రు నేలలో దిగదు. దిగుటకై అదనపు బరువు వేయుదుము. అందువలన అరుగుదల, డీజిలు ఖర్చు రెండును పెరుగును. మొన పూర్తిగా పోయి వెనుకనున్న దంతమే మట్టిని రాచుకొను వరకు ఆగరాదు; మొన చవుక, దంతము ప్రియము.

4. కేవలము గట్టిదనమే చాలదు. మిక్కిలి గట్టిదైన ఉక్కు రాయి తగిలినపుడు గాజు వలె పెట్లును. రాళ్లు లేని ఇసుక నేలకు గట్టిదనము ముఖ్యము. రాళ్ల నేలకు దెబ్బకు తాళు గుణము ముఖ్యము.

కర్రును గట్టిపరచు పద్ధతులు

మొదటిది కాల్చి పదును పెట్టుట. కమాను కట్ట వంటి ఉక్కుకే ఇది పనికివచ్చును. ఎర్రగా కాల్చి ముంచిన పిమ్మట అట్లే వాడరాదు, పెళుసుగా నుండును. ముంచిన ముక్కను రుద్ది తెల్లగా చేసి, మరల మెల్లగా వేడి చేయవలెను. సుమారు 220, 230 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద గడ్డి రంగు, 280 వద్ద ఊదా, 300 వద్ద నీలము కనిపించును. గడ్డి రంగు వద్ద ఆపిన అంచు గట్టిగా నిలుచును. నీలము వరకు పోయినచో గట్టిదనము కొంత తగ్గి తాళుబడి పెరుగును. ఇప్పుడు కర్మాగారములలో చేయు రోటవేటరు ఆకులు, సాగు మొనలు పెక్కింటికి బోరాన్ కలిపిన ఉక్కు వాడుచున్నారు. లక్ష పాళ్లలో నాలుగైదు పాళ్లకు మించని బోరాన్ చేరినను ఉక్కు లోతు వరకు పదునెక్కును.

రెండవది కర్బనము పట్టించుట. మెత్తని ఉక్కు ముక్కను బొగ్గుపొడి, దానికి తోడు బేరియం కార్బనేటు వంటి లవణము నింపిన పెట్టెలో పెట్టి, గాలి చొరకుండ మట్టితో మూసి, సుమారు 900 డిగ్రీలకు పైగా కాల్చుదురు. ఆ వేడిలో నాలుగైదు గంటలు నిలిపినచో సుమారు ఒక మిల్లీమీటరు లోతు వరకు కర్బనము ప్రాకును. తరువాత ముంచినచో పైచర్మము గట్టిగాను, లోపలి గుండె మెత్తగాను ఉండును. పిన్నులకు, బుషులకు ఇది శ్రేష్ఠము. మట్టిలో నడచు కర్రుకు మాత్రము ఆ పలుచని చర్మము ఎక్కువ కాలము నిలువదు. అది పోయిన పిమ్మట లోపలి మెత్తని ఉక్కు త్వరత్వరగా అరుగును.

మూడవది గట్టి లోహపు పూత. క్రోమియము, కర్బనము హెచ్చుగా గల వెల్డింగు కడ్డీతో మొనపై ఒకటి రెండు పొరలు పోయుదురు. ఆ పొరలో ఏర్పడు క్రోమియం కార్బైడు గింజల గట్టిదనము 1500 వరకు ఉండును; అనగా ఇసుక రేణువు కంటెను గట్టివి. కర్రుకు ఒక ముఖముననే ఈ పూత వేసినచో వేయని ముఖము ముందు అరిగి, పూత ముఖము సన్నని అంచుగా నిలుచును. కర్రు తనంతట తానే పదునగును. రెండు ముఖములందును వేసినచో ఈ లాభము పోయి అంచు మొద్దుబారును.

అలసట – కంటికి కనబడని శత్రువు

అరుగుదల కంటికి కనిపించును. అలసట కనబడదు. ఒక తీగను చేత పట్టి లాగిన తెగదు. అటు నిటు పలుమార్లు వంచినచో తెగును. ఒక్కసారి వేసిన బరువును సులభముగా మోయు ఉక్కు కూడ, అంతకంటె తక్కువ బరువును లక్షల పర్యాయములు వేసి తీసినచో విరిగిపోవును. దీనినే లోహపు అలసట అందురు.

ఈ సంగతి లోకమునకు రైలు ఇరుసుల వలన తెలియవచ్చినది. 1842 మే 8 న ఫ్రాన్సు దేశమున వెర్సాయి నుండి పారిసు పోవు రైలు యంత్రపు ఇరుసు విరిగి, బండ్లకు నిప్పంటుకొని 50 మందికి పైగా మరణించిరి. తరువాత జర్మనీలో ఆగస్టు వోలర్ అను రైల్వే ఇంజనీరు 1850 ల నుండి 1870 వరకు ఇరుసులను యంత్రములపై త్రిప్పి, ఏ బరువుకు ఎన్ని తిరుగుళ్లు తాళునో పరీక్షించెను. ఆయన కనుగొన్న ముఖ్య విషయము: బరువు తగ్గించిన కొలది ఉక్కు ఎక్కువ పర్యాయములు తాళును, ఒక హద్దుకు దిగువనున్న బరువును ఎన్నిమార్లు వేసినను విరుగదు. నునుపు చేసిన ఉక్కు కడ్డీకి ఆ హద్దు, అది తెగు బలములో సుమారు సగముండును. గరుకు, గాట్లు, తుప్పు, అతుకులు ఉన్నచో ఆ హద్దు బాగుగా దిగిపోవును.

లక్షల పర్యాయములు అనగా చాలా కాలము పట్టునని తలపరాదు. నిమిషమునకు 600 చుట్లు తిరుగు నూర్పిడి యంత్రపు షాఫ్టు గంటకు 36,000 చుట్లు తిరుగును. బెల్టు ఒక ప్రక్కకే లాగుచుండుట వలన ప్రతి చుట్టుకు షాఫ్టు ఒకసారి అటునిటు వంగినట్లే. ఈ లెక్కన 28 గంటలలో, అనగా మూడున్నర పనిదినములలో, 10 లక్షలు పూర్తియగును. నిమిషమునకు 200 చుట్లు తిరుగు రోటవేటరులో ఒక్కొక్క ఆకు గంటకు 12,000 దెబ్బలు తినును.

అలసటతో విరిగిన ముక్కను గుర్తుపట్టుట సులభము. విరిగిన ముఖమును చూడుడు. ఒక భాగము నునుపుగా, ముత్యపుచిప్పపై గీతల వలె వంపు వరుసలతో ఉండును. తరచు నల్లబడి గాని తుప్పు పట్టి గాని యుండును. మిగిలిన భాగము గరుకుగా, తాజాగా మెరయుచుండును. వంపు గీతలు ఏ చోట మొదలైనవో పగులు పుట్టినది అచ్చటనే. నునుపు భాగము పెద్దదిగా, గరుకు భాగము చిన్నదిగా ఉన్నచో పగులు చాల కాలము నుండి మెల్లగా ప్రాకినదని అర్థము. తరచుగా చూచి యుంటిమేని ముందే దొరకెడిది. ముఖమంతయు గరుకుగానే యుండి ముక్క వంగియున్నచో అది ఒక్కసారి పడిన అధిక బరువు ఫలము.

గరుకు భాగమును చూచి, “అదురుకు ఇనుము పలుకులు కట్టి పెళుసెక్కినది” అని కొందరందురు. అది పొరపాటు. ఉక్కు ఎల్లప్పుడును సన్నని పలుకుల కూడికయే. పగులు ప్రాకి మిగిలిన భాగము చాలక ఒక్కసారిగా తెగినపుడు ఆ పలుకులు కంటబడును, అంతియే.

పగులు పుట్టు చోట్లు

పగులు దాదాపు ఎల్లప్పుడును పై ముఖము నుండియే, బలము ఒక చోట గుమిగూడు స్థలమున పుట్టును. ఈ చోట్లను ప్రత్యేకముగా చూడవలెను: వెల్డింగు గీత అంచు, చతురపు మూల, షాఫ్టు సన్నబడు మెట్టు, తాళపు గాడి, బోల్టు మరలు, సుత్తి దెబ్బల గాట్లు, తుప్పు గుంటలు.

వెల్డింగు అతుకుల విషయమున రెండు సంగతులు గుర్తుంచుకొనవలెను. మొదటిది, అతుకు ఆయుష్షు దాని మీద మారుచుండు బరువు యొక్క ఘనమును బట్టి తగ్గును. బరువు నాల్గవ వంతు పెంచినచో ఆయుష్షు సగమగును; రెట్టింపు చేసినచో ఎనిమిదవ వంతగును. ట్రాలీకి ఎత్తు పలకలు కట్టి అదనపు బరువు వేయువారు దీనిని మరువరాదు. ఒక ట్రిప్పు మిగిలినదని సంతోషించుటకు ముందు ట్రాలీ ఆయుష్షులో ఎంత పోయినదో చూచుకొనవలెను. రెండవది, చట్రమునకు మరింత గట్టి ఉక్కు వాడినంత మాత్రమున అతుకు అలసట తగ్గదు. అతుకు ఆకారమును, అంచు నునుపును బాగుచేసిననే లాభము.

బోల్టులు వదులై యుండుట అలసటకు మరొక కారణము. గట్టిగా బిగించిన బోల్టు రెండు పలకలను నొక్కి పట్టును; బరువులోని హెచ్చుతగ్గులను చాలవరకు పలకలే భరించును. వదులైన బోల్టుపై ప్రతి కుదుపును పూర్తిగా పడును. కొత్త పనిముట్టును మొదటి రెండు మూడు గంటలు నడపి, నట్లు అన్నియు మరల బిగించవలెను. అటుపిమ్మట ప్రతి ఉదయము చూచుకొనవలెను.

ట్రాలీ పిన్ను సంగతి వేరుగా చెప్పదగినది. 25 మిల్లీమీటర్ల పిన్ను అరిగి 22.5 మిల్లీమీటర్లయినచో మందము తగ్గినది పదవ వంతే గాని, వంపును తాళు బలము నాల్గవ వంతుకు పైగా తగ్గును. పైగా రంధ్రము కోలగా సాగి, ప్రతి గుంటలోను పిన్ను సుత్తి దెబ్బ తినును. అరుగుదల అలసటను పెంచు తీరు ఇదియే. కట్టడపు చువ్వ ముక్కను పిన్నుగా వాడుట కొన్ని చోట్ల అలవాటు. అది రంధ్రమునకు సరిపోదు; దాని మీది గట్లు పగులుకు మొలకలు. తయారీదారు చెప్పిన కొలత పిన్నునే, అడ్డుచీలతో సహా వాడవలెను. ట్రాక్టరుకు, ట్రాలీకి నడుమ రక్షణ గొలుసు ఉండవలెను.

కిరసనాయిలు, సున్నముతో పగులు పరీక్ష

పగులును కనుగొనుటకు ఖర్చులేని పద్ధతి ఒకటి కలదు. అనుమానమున్న చోటును మట్టి, రంగు, జిడ్డు లేకుండ శుభ్రపరచవలెను. కిరసనాయిలు పూసి పావుగంట వదలి, పొడి గుడ్డతో బాగుగా తుడువవలెను. దానిపై సుద్దపొడి గాని, పలుచని సున్నము గాని పూసి ఆరనిచ్చి, సుత్తితో మెల్లగా తట్టవలెను. పగులున్నచో దానిలో దాగిన కిరసనాయిలు పైకి ఊరి, తెల్లని పూతపై తడి గీతగా కనబడును. దగ్గర నిప్పు, బీడీ ఉండరాదు. కోతలకు ముందు ఒకసారి, తొలకరికి ముందు ఒకసారి ఇట్లు చూచుట మంచిది.

తుప్పు – రెండింటికిని తోడు

తేమ, గాలి రెండును కలసిననే తుప్పు పుట్టును. ఉప్పు తోడైనచో అది వేగపడును. సముద్రతీర గ్రామములలోని ఉప్పు గాలి, రొయ్యల చెరువుల నీరు, రసాయన ఎరువుల తేమ — ఇవి యన్నియు ఇనుమునకు శత్రువులు. అమ్మోనియం సల్ఫేటు, పొటాషు మ్యూరియేటు వంటి ఎరువులు గాలి తేమను పీల్చి ఎరువు గొర్రు పెట్టెను, గొట్టములను తినివేయును. ఎరువు గొర్రును ఏ రోజు కా రోజు దులిపి, కడిగి, ఆరబెట్టి నూనె పూయవలెను. “రేపు కూడ పని యున్నది గదా” అని ఎరువుతో వదలినచో ఒక రాత్రి తేమయే చాలు.

తుప్పు ఇనుము కంటె ఎక్కువ చోటు ఆక్రమించును. అందుచే రంగు క్రింద చేరిన తుప్పు ఉబ్బి రంగును పొరలుగా లేపును. తుప్పు గుంటలు అలసట పగుళ్లకు పుట్టినిండ్లు. అంతేగాక, తుప్పు పట్టించు నీటిలో పని చేయు ఉక్కుకు పైన చెప్పిన క్షేమపు హద్దు లేకయే పోవును. ఎంత తక్కువ బరువైనను, ఎప్పటికో ఒకప్పటికి పగులు రావచ్చును.

ఏ భాగమునకు ఏ పూత?

రంగు: చట్రములు, దూలములు, ట్రాలీ పలకలకు రంగు చాలును. రంగు ఎంత ఖరీదైనదని కాదు, క్రింది ముఖము ఎంత శుభ్రమైనదన్నదే ముఖ్యము. జిడ్డును సబ్బు నీటితో కడిగి, వదులు తుప్పును తీగ బ్రష్షుతోను, ఉప్పుకాగితముతోను తీసి, ఆరిన వెంటనే రెడాక్సైడు గాని, జింకు ఫాస్ఫేటు గాని మొదటి పూతగా వేయవలెను. దానిపై రంగు రెండు పూతలు వేయవలెను. అంచుల మీద, అతుకుల మీద రంగు పలుచబడును. అచ్చట ముందుగా కుంచెతో ఒక పూత అదనముగా వేయవలెను. పూర్వము వాడిన సీస సింధూరపు పూత విషకరము, దానిని వాడరాదు. పాత సింధూరపు రంగును పొడిగా గీకి దుమ్ము లేపరాదు.

జింకు పూత: కరిగిన జింకులో సుమారు 450 డిగ్రీల వద్ద ముంచి తీయుట. మందము సాధారణముగా 50 నుండి 85 మైక్రాన్లు. మైక్రాన్ అనగా మిల్లీమీటరులో వెయ్యవ వంతు. దీని విశేషమేమనగా, చిన్న గీత పడినను జింకు తాను ముందు కరగిపోయి ఇనుమును కాపాడును. నీటి గొట్టములు, కంచె స్తంభములు, పశువుల కొట్టముల కమ్ములకు ఇది శ్రేష్ఠము. మట్టిలో దున్ను మొనకు నిరర్థకము. జింకు మెత్తనిది, కొద్ది గంటలలో పోవును. జింకు పూత గల ముక్కను అతుకవలసినచో ఆ చోటి జింకును ముందుగా రుద్ది తీసివేయవలెను. ఆ పొగ పీల్చినచో చలిజ్వరము వచ్చును.

నూనె, గ్రీజు: మట్టిలో మెరసిన కర్రు, రెక్క, పళ్లెములపై రంగు నిలువదు. అట్టి వాటికి గ్రీజు పూతయే తగినది. రెక్క నునుపుగా మెరయుచున్నంత కాలము మట్టి అంటదు, లాగుడు తగ్గును. ఒక వర్షమునకు తుప్పు పట్టిన రెక్క మరల మెరయుటకు ఎకరములు దున్నవలసివచ్చును.

గట్టి లోహపు పూత: మొనలకు, కర్రు అంచులకు మాత్రమే.

ఒక ముఖ్య హెచ్చరిక

అరుగుదలకు మందైన పూత అలసటకు విషము కావచ్చునని మొదట చెప్పితిమి. క్రోమియం కార్బైడు పూత చల్లారునపుడే అడ్డముగా సన్నని పగుళ్లు పట్టును. కర్రు మొనకు వాని వలన భయము లేదు. కాని వంపు బరువు మోయు దంతపు కాడకు, షాఫ్టుకు, ఇరుసుకు, పిన్నుకు ఇదే పూత వేసినచో ఆ పగుళ్లు లోపలి ఉక్కులోనికి ప్రాకి భాగమును విరుచును. గట్టి క్రోమియం మెరుగుపూత కూడ ఉక్కు అలసట బలమును తగ్గించును. అరిగిన షాఫ్టును వెల్డింగుతో నింపి తోడించి వాడుకొనువారు ఈ సంగతి ఎరిగి యుండవలెను. కర్బనము పట్టించు పద్ధతి ఇందుకు భిన్నము. అది పైచర్మమును నొక్కుడులో ఉంచుట వలన అలసటను కూడ ఎదుర్కొనును. అందుకే పిన్నులకు అది తగినదని చెప్పబడినది.

రోటవేటరు ఆకులపై ఊరి వెల్డింగు దుకాణమున పూత వేయించరాదు. అవి కర్మాగారమున పదును పెట్టిన ఉక్కు. వెల్డింగు వేడికి పదును కొంత చోట పోవును, ప్రక్కన పెళుసెక్కును. తిరుగుచున్న ఆకు విరిగి ఎగిరినచో మనిషికి ప్రమాదము. అరిగిన ఆకులను మార్చుటయే క్షేమము. తూకము చెడకుండ రెండు ప్రక్కల సమముగా మార్చవలెను.

విరిగిన చోట అతుకు వేయునపుడు

పగిలిన చోటనే పైపైన మరల వెల్డింగు చేయుట వలన కొద్ది రోజులలో ఆ ప్రక్కనే విరుగును. పగులు కొన ఎచ్చట ముగిసినదో కిరసనాయిలు పరీక్షతో చూచి, అచ్చట చిన్న రంధ్రము వేసి పగులును ఆపవలెను. పగులు పొడవునా లోతుగా గాడి తీసి, పొడి కడ్డీలతో నింపవలెను; తడిసిన కడ్డీ అతుకును పాడుచేయును. అతుకు అంచును సానరాతితో నునుపు చేయవలెను. బలమునకై పలక వేయవలసినచో దాని కొనలను నలుచదరముగా వదలక, క్రమముగా సన్నబడునట్లు కోసి వేయవలెను. దూలము పైఅంచునకు, క్రిందిఅంచునకు అడ్డముగా అతుకు గీత పెట్టరాదు. స్ప్రింగు దంతములను, కమాను కట్టలను అతుకరాదు, మార్చవలెను.

ఖర్చు లెక్క

ఏ మొన చవుక అనునది కొన్న ధరను బట్టి కాక, ఎకరమునకైన ఖర్చును బట్టి చూడవలెను. లెక్క తీరు చూపుటకే ఈ అంకెలు: మామూలు మొన వెల 200 రూపాయలై 20 ఎకరములు వచ్చినచో ఎకరమునకు 10 రూపాయలు. దానికే 150 రూపాయలతో పూత వేయించగా 350 రూపాయలై 50 ఎకరములు వచ్చినచో ఎకరమునకు 7 రూపాయలు. రాళ్ల నేలలో అదే మొన పెట్లి 25 ఎకరములకే పోయినచో ఎకరమునకు 14 రూపాయలు. అనగా ఒకే పూత ఒక చేనిలో లాభము, మరొక చేనిలో నష్టము.

మీ చేనికి ఏది తగునో మీరే పరీక్షింపవచ్చును. ఒకే గొర్రుకు రెండు మామూలు మొనలు, రెండు పూత మొనలు బిగించుడు. బిగించుటకు ముందు ఒక్కొక్కదానిని తూచి వ్రాసికొనుడు. సగము పని అయిన తరువాత చోట్లు మార్చుడు. పని ముగిసిన పిమ్మట కడిగి మరల తూచుడు. ఎన్ని గ్రాములు తరిగినదో, ఎన్ని ఎకరములు నడచినదో తెలియును. గ్రామ వ్యవసాయోద్యోగులు ఇట్టి పరీక్షను ఒక్కొక్క రకపు నేలలో ఒక్కొక్క రైతుచే చేయించి, ఫలితములను రైతుల సమావేశమున తెలిపినచో అందరికిని ఉపయోగము.

చేయవలసిన పనులు

తొలకరికి ముందు: అతుకులకు, పిన్నులకు పగులు పరీక్ష చేయుట; అరిగిన పిన్నులు, బుషులు మార్చుట; ఒక జత మొనలు, బోల్టులు అదనముగా సిద్ధపరచుట.

పని కాలమున: ప్రతి ఉదయము నట్లు బిగించుట, ట్రాలీ పిన్ను, అడ్డుచీల చూచుట, కొత్త శబ్దము, కొత్త ఊగుడు వినబడినచో ఆపి చూచుట.

ప్రతి సాయంత్రము: మట్టి, ఎరువు కడిగి ఆరబెట్టుట.

పని ముగిసిన పిమ్మట: మెరయు భాగములకు గ్రీజు, గీతలు పడిన చోట రంగు, పనిముట్లను నేలపై గాక చెక్క దిమ్మెలపై, కప్పు క్రింద ఉంచుట.

వీనిలో ఏ ఒక్కటియు పెద్ద ఖర్చుతో కూడినది కాదు. ఒక కిరసనాయిలు సీసా, కొంచెము సున్నము, ఒక గ్రీజు డబ్బా, ఒక తీగ బ్రష్షు, ఒక సరియైన పిన్ను — ఇవి చాలును. ముఖ్యముగా ట్రాలీ మీద కూలీలను, పిల్లలను ఎక్కించుకొని పోవు అలవాటు ఇంకను ఉన్న గ్రామములలో పెద్దలు, అధికారులు దానిని మాన్పించవలెను. ఇనుము అలసినదని నోటితో చెప్పదు, గీతగా చెప్పును. ఆ గీతను ముందుగా చూచిన రైతుకు అదనును దక్కును, ఆపదయు తప్పును.